అంతరిక్ష నౌకలో నక్క మనిషి: రూపం మార్చే జాతిని ఆటలోకి ఎలా తీసుకురావాలి?

తోకచుక్క:
అందరికీ నమస్కారం. బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట మాది. వచ్చే నెల నుంచి మా బృందంతో కొత్త కథ మొదలుపెడుతున్నాను. నేను గేమ్ మాస్టర్‌ని, అంటే కథ నడిపేది నేనే, ఆటగాళ్లు నలుగురు. నౌకలూ మంత్రాలూ కలిసి ఉండే ప్రపంచం. స్టార్‌ఫైండర్ అనే ఆట నియమాలనే కొంత మార్చుకుని వాడుతున్నాం. ముగ్గురి పాత్రలు తేలిపోయాయి: ఆండ్రాయిడ్ పైలట్, నాలుగు చేతుల కసాథా సైనికుడు, మనిషి జాతి వైద్యురాలు. నాలుగో ఆమె మాత్రం రూపం మార్చగల నక్క జాతి పాత్ర కావాలంటున్నారు. పేరు కూడా పెట్టేసుకున్నారు, మిరియా అని.

నాకు ఈ ఆలోచన చాలా నచ్చింది, అందుకే చెడగొడతానేమోనని భయంగా ఉంది. పాతకాలపు కోట కథలో అయితే కాపలావాడి కళ్లు మోసపోతే చాలు. అంతరిక్ష కేంద్రంలో కనుపాపను చదివే తలుపు ఉంటుంది, ఒంటి వేడిని చూసే కెమెరా ఉంటుంది, రక్తపు చుక్క అడిగే యంత్రం ఉంటుంది. అవన్నీ మోసపోతే మిరియాకు అడ్డే లేదు. ఏదీ మోసపోకపోతే ఆ శక్తి ఇచ్చీ ఇవ్వనట్టే. ఇంకా తోక సంగతి, స్పేస్ సూట్ సంగతి ఉన్నాయి. ఇలాంటి పాత్రతో ఆడినవాళ్లు, ఆడించినవాళ్లు చెప్పండి.

పాచికలవాడు:
ముందు ఒక్క నిర్ణయం తీసుకోండి, సగం చిక్కులు అక్కడే విడిపోతాయి. మిరియాకు మనిషి రూపం ఒక్కటే ఉండాలి. ఎవరి ముఖం కావాలంటే వాళ్ల ముఖం కాదు. పుట్టుకతో తనకు వచ్చిన రెండో ముఖం, ఎప్పుడు మారినా అదే.

ఇది నేను కల్పించింది కాదు. స్టార్‌ఫైండర్‌కు అక్కలాంటి ఆట పాత్‌ఫైండర్. పాత్‌ఫైండర్ మొదటి ఎడిషన్‌లో కిత్సునే అనే నక్క జాతికి ఉన్న నియమం ఇదే. ప్రతి ఒక్కరికీ ఒకే ఒక్క మనిషి రూపం, ఆ రూపంలో మనిషిగా చెలామణి కావడానికి మారువేషం పరీక్షకు వేసే పాచిక మీద +10. రెండో ఎడిషన్‌లో మారడానికి ఒక్క చర్య చాలు. ఎంచుకున్న వంశాన్ని బట్టి రెండో రూపం తోకలేని మనిషిది కావచ్చు, చిన్న నక్కది కావచ్చు. ఎలా చూసినా హద్దు గీసి ఉంటుంది.

హద్దు లేని రూపధారి కావాలంటే స్టార్‌ఫైండర్‌లో ఆస్ట్రాజోవన్లు ఉన్నారు, 2018లో ఆడదగిన జాతిగా వచ్చారు. అసలు రూపం ఏడు కాళ్ల నక్షత్రపు చేపలా ఉంటుంది, పై రూపం ఎవరిదైనా తెచ్చుకోగలరు. ఆ జాతితో నేను ఆడించాను. ప్రతి తలుపు దగ్గరా, ప్రతి అధికారి దగ్గరా ఆ ఒక్క ఆటగాడిదే రంగం. మిగతావాళ్లు పాచికలు చేతిలో దొర్లించుకుంటూ కూర్చున్నారు. అంతకు ముందు ఎంతో హుషారుగా ఆడే అమ్మాయి ఆ రోజు మూడు గంటల్లో రెండు వాక్యాలు మాట్లాడింది. నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

తోకచుక్క:
ఒక్క ముఖం అన్నది బాగుంది. కానీ అలా చేస్తే రూపం మార్చడంలో మజా తగ్గిపోదా? ఆ ఒక్క ముఖం రెండు రోజుల్లో అందరికీ తెలిసిపోతుంది కదా.

సాయంసంధ్య:
తగ్గదు, పెరుగుతుంది. నాకు ఈ నక్క కథలంటే ప్రాణం, కాస్త పొడవుగా రాస్తాను, ఓపిక పట్టండి.

కిత్సునే అంటే జపాను భాషలో మామూలుగా నక్క అనే అర్థం. అక్కడి నమ్మకంలో నక్క వరి దేవత ఇనారికి దూత. క్యోటోలోని ఫుషిమి ఇనారి గుడిలో రాతి నక్కలు నోట తాళంచెవి, మణి కరచుకుని కూర్చుని ఉంటాయి. ఆ తాళంచెవి ధాన్యపు కొట్టుది అంటారు. అంటే అక్కడ నక్క మోసగత్తె మాత్రమే కాదు, కాపలాదారు కూడా. వయసు పెరిగేకొద్దీ తోకలు పెరుగుతాయి, తొమ్మిదితో ఆగుతాయి. తొమ్మిది తోకల నక్క అన్న ఊహ చైనా నుంచి వచ్చింది. కొరియాలో అదే నక్క మనుషుల కాలేయం తినే భయంకర రూపం ఎత్తింది. ఒకే జంతువు, మూడు స్వభావాలు. మీ ఆటకు ఏది తీసుకుంటారో ముందే అనుకోండి.

ఇప్పుడు అసలు విషయం. 9వ శతాబ్దపు జపాను కథల్లో ఒకటి ఉంది. ఒకతను దారిలో కనిపించిన అమ్మాయిని పెళ్లాడతాడు, కొడుకు పుడతాడు. ఇంట్లో కుక్కపిల్లకు మాత్రం ఆమెను చూస్తే పడదు. ఒకరోజు ధాన్యం దంచే పాకలోకి ఆమె వెళ్తుంటే కుక్క మీద పడుతుంది. ఆమె హడలిపోయి నక్కగా మారి కంచె ఎక్కి కూర్చుంటుంది. భర్త అది చూస్తాడు. కర్ర తీయడు, రాయి విసరడు. మన మధ్య బిడ్డ ఉన్నాడు, నిన్ను మరచిపోలేను, వచ్చి నా పక్కన పడుకుంటూ ఉండు అంటాడు. ఆ 'వచ్చి పడుకో' అన్న మాట నుంచే కిత్సునే అన్న పేరు వచ్చిందని కథ చెప్తుంది.

చూశారా, ఆమెకు ఉన్నది ఒక్క మనిషి ముఖమే. దాన్ని వాడి ఎవరినీ దోచుకోలేదు, ఆ ముఖంతో బతికింది. బయటపడటం కూడా మనుషుల కళ్లకు కాదు, కుక్క ముక్కుకు. మీ స్కానర్ ఆ కుక్కే అనుకోండి. మిరియా ముఖం అందరికీ తెలిసిపోతే పోనివ్వండి. రెండు ముఖాలూ తనవేనని ఎవరికి ఎప్పుడు చెప్తుందన్నదే కథ.

బొమ్మలపెట్టె:
సాయంసంధ్య గారి మాట చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. 'రూపం మార్చే జాతి' అనగానే మనం వేషం, మోసం, దొంగతనం అనుకుంటాం. రెండో ముఖం అబద్ధం కానక్కరలేదన్న ఆలోచనే రాలేదు.

నిశ్శబ్దకక్ష్య:
కథ బాగుంది. నౌకలోకి వస్తే మాత్రం ఒళ్లు లెక్కలోకి వస్తుంది. అది కూడా మాట్లాడుకుందాం.

మొదటిది బరువు. ఎర్ర నక్క బరువు సాధారణంగా 10 కిలోల లోపే. 60 కిలోల మనిషి నాలుగు కాళ్ల నక్కగా మారితే మిగతా 50 కిలోలు ఎక్కడికి పోయాయి? మంత్రం అని సరిపెట్టుకోవచ్చు. అదే మంత్రం తర్వాత ఎయిర్‌లాక్‌లో, అంటే శూన్యంలోకి వెళ్లొచ్చే రెండు తలుపుల గదిలో, అడ్డు తగులుతుంది, ఎందుకంటే లోపల ఎంత బరువుందో నౌకకు తెలుసు. నా సలహా ఏమిటంటే, చిన్న నక్క రూపం ఇవ్వకండి. నక్క తల, తోక ఉన్న నిలువెత్తు రూపం ఒకటి, మనిషి రూపం ఒకటి, రెండింటి బరువూ సమానం. ఆ ఒక్క నియమంతో పది వాదనలు తప్పుతాయి.

రెండోది సూట్. మనిషి రూపానికి కుట్టిన సూట్‌లో మిరియా ఉందనుకోండి. బయట శూన్యం. భయంతోనో దెబ్బతోనో స్పృహ తప్పింది. స్పృహ తప్పితే అసలు రూపం వస్తుందన్నది మీ నియమం అనుకుందాం. అప్పుడు ఏమవుతుంది? మూతి పొడుచుకొచ్చి హెల్మెట్ అద్దానికి గుద్దుకుంటుంది. చెవులు పైకి లేచే చోటు లేక మడతపడతాయి. తోక వెన్ను వెంట ఇరుక్కుని గాలి గొట్టాన్ని నొక్కుతుంది. అద్దం మీద ఆవిరి. పక్కనున్న వైద్యురాలు ఆ అద్దంలో చూసేది తనకు ఆర్నెల్లుగా తెలిసిన ముఖాన్ని కాదు. ఆ క్షణంలో ఆమె సూట్ విప్పదీసే ప్రయత్నం చేస్తుందా, వెనక్కి జరుగుతుందా? ఇంత మంచి సన్నివేశం తోక లేకపోతే రాదు. అందుకే తోకను నియమాల్లోంచి తీసేయకండి.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. 2011లో చెక్ పరిశోధకులు ఒక విషయం బయటపెట్టారు. గడ్డిలోనో మంచు కిందో కనిపించని ఎలుక మీదికి ఎర్ర నక్క ఎగిరి దూకేటప్పుడు ఎక్కువగా ఈశాన్యం వైపే దూకుతుంది, అటు దూకినప్పుడే ఎక్కువగా దొరకబుచ్చుకుంటుంది. భూమి అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుని దూరం అంచనా వేస్తుందేమోనని వాళ్ల ఊహ. గ్రహాల మధ్య ఆ క్షేత్రం దాదాపు లేనట్టే. కాబట్టి నక్క జాతివాళ్లకు గ్రహం మీద దిక్కు తెలుస్తుంది, నౌకలో తెలియదు. మనకు చెవిలో రొద ఆగిపోతే ఎలా ఉంటుందో వాళ్లకు అలా ఉంటుంది. మిరియా నౌకలో మొదటి వారం నిద్రపోలేదని ఆడండి, ఆ పాత్ర లేచి నిలబడుతుంది.

తోకచుక్క:
దిక్కు తెలియని నక్క! ఇది తప్పకుండా వాడుకుంటాను. బరువు నియమం కూడా. ఇంతకీ స్కానర్ల సంగతి?

పాచికలవాడు:
సూత్రం సులువు. రూపం మారితే మారేది ఒళ్లే, కనికట్టు కాదు. అందుకని కెమెరా, కనుపాప తలుపు, వేలిముద్ర అన్నీ ఆమె మనిషి రూపాన్ని నిజంగానే ఒక మనిషిగా చదువుతాయి, కానీ ఆ ఒక్క మనిషిగానే. వేరేవాళ్ల తలుపు తెరుచుకోదు. రక్తం మాత్రం రెండు రూపాల్లోనూ ఒక్కటే. వైద్య యంత్రం ముందు దాపరికం ఉండదు. మంత్రాన్ని పసిగట్టే పరికరాలు మారే క్షణంలో పట్టుకుంటాయి, మారిపోయాక పట్టుకోలేవు. మీ బృందంలో వైద్యురాలు ఉన్నారు కాబట్టి నిజం మొదట తెలిసేది ఆమెకే అవుతుంది. ఆ ఇద్దరి మధ్య కథ అక్కడే మొదలు.

వెన్నెలమెట్లు:
కొంచెం ఆలస్యంగా వస్తున్నాను. నియమాల గురించి కాదు, ఒక హెచ్చరిక.

కొన్నేళ్ల క్రితం మా బృందంలో ఒకరు ఇలాంటి నక్క పాత్రే తీసుకున్నారు. గేమ్ మాస్టర్‌కి, తనకీ తప్ప ఎవరికీ చెప్పలేదు. అందరం ఆమెను మామూలు నావిక అనుకున్నాం. ఎనిమిది సార్లు కూర్చుని ఆడాం. నా పాత్ర ఆమె పాత్రను చెల్లెల్లా చూసుకుంది, ఒకసారి ఆమె కోసం చెయ్యి పోగొట్టుకుంది. తొమ్మిదోసారి నిజం బయటపెట్టారు, పెద్ద మలుపు అనుకుని. బల్ల దగ్గర ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకరు లేచి నీళ్ల గ్లాసు తెచ్చుకుని మళ్లీ కూర్చోలేదు, కిటికీ దగ్గర నిలబడ్డారు. పాత్రలు మోసపోతే కథ. మేం మోసపోయాం, అది వేరు. ఆ బృందం ఇంకో నెలకు చెదిరిపోయింది.

పాత్రల దగ్గర ఎంతైనా దాచండి. ఆటగాళ్ల దగ్గర దాచకండి. మిరియా నక్క అని మొదటి రోజే నలుగురికీ తెలియాలి. తెలిసీ తెలియనట్టు తమ పాత్రలను ఆడటంలోనే ఆనందం ఉంది. ఆమె తోక అంచు కోటు కింద కనిపించిందని గేమ్ మాస్టర్ చెప్పినప్పుడు, ఎదుటి ఆటగాడు నవ్వు ఆపుకుంటూ 'నా పాత్ర అటు చూడలేదు' అంటాడు చూడండి, దానికి సాటి లేదు.

తోకచుక్క:
వెన్నెలమెట్లు గారూ, ఇది రాసినందుకు ధన్యవాదాలు. నిజం చెప్పాలంటే నేనూ దాచే ఆలోచనలోనే ఉన్నాను. మానుకుంటున్నాను.

బొమ్మలపెట్టె:
నాదో అభ్యర్థన. దయచేసి మిరియాను మాటకారి మోసగత్తెను చేయకండి. నక్క పాత్ర అనగానే అందరూ అదే చేస్తారు. నియమాలు కూడా అటే తోస్తాయి. పాత్‌ఫైండర్ మొదటి ఎడిషన్‌లో ఆ జాతికి చురుకుదనానికి +2, ఆకర్షణకు +2, బలానికి -2. అది చూసి బల్ల దగ్గర ప్రతి నక్కా గూఢచారే అవుతుంది. ఇంజన్ గదిలో పనిచేసే నక్కను ఊహించండి. యంత్రం లోపల అరిగిన బేరింగు మిగతావాళ్ల కంటే ముందు ఆమె చెవికే తెలుస్తుంది. చెవి ఒక్కటే అటు తిరుగుతుంది, తల తిరగదు. చేతిలో రెంచి ఆగిపోతుంది. 'మూడో పంపు' అంటుంది, అంతే. నాకు ఆ నక్క కావాలి.

నిశ్శబ్దకక్ష్య:
అద్భుతం. దీనికి ఒకటి కలుపుతాను. నోవోసిబిర్స్క్‌లో 1959లో దిమిత్రీ బెల్యాయెవ్ వెండి నక్కల మీద ఒక ప్రయోగం మొదలుపెట్టారు. మనుషులకు బెదరని నక్కలను మాత్రమే ఎంచి తరతరాలుగా పెంచారు. ఎంచింది మచ్చిక గుణాన్నే. అయినా కొన్ని తరాలకు చెవులు వాలాయి, తోకలు వంకీ తిరిగాయి, ఒంటి మీద మచ్చలు వచ్చాయి. మీ ప్రపంచంలో కొన్ని వందల ఏళ్లుగా నౌకల్లోనే పుట్టిన నక్క జాతివాళ్లు ఉంటే? గ్రహం మీది బంధువులు వాళ్ల వాలిన చెవులను చూసి ఏమనుకుంటారు? మిరియా ఏ వైపు మనిషో ఆమెను అడగండి.

మొదటిపాచిక:
కొత్తగా చేరాను. ఒక చిన్న ప్రశ్న. ఈ జాతికి తెలుగులో పేరు ఏమిటి? నక్క అంటే తిట్టులా వినిపిస్తోంది.

సాయంసంధ్య:
మంచి ప్రశ్న. మన నక్కకు పేరు చెడింది నిజమే. నక్కజిత్తులు, నక్కవినయాలు, గుంటనక్క. అదృష్టం వరిస్తే మాత్రం నక్క తోక తొక్కి వచ్చాడంటాం, తోక పట్టింపు మనకూ ఉంది. ఇంకో సంగతి, తెలుగులో నక్క అన్న మాట రెండు జంతువులకు వాడతాం. పాత నీతికథల్లోని నక్క చాలావరకు జంబుకం, అంటే మందగా ఊళ పెట్టేది. కిత్సునే అంటే ఆ జంతువు కాదు, మనం గుంటనక్క అనే రకం.

రూపం మార్చే శక్తికి మనకు చక్కని మాట ఉంది: కామరూపి, ఇష్టం వచ్చిన రూపం ధరించేవాడు. బంగారు లేడిగా మారిన మారీచుడు కామరూపి. కానీ పాచికలవాడు గారు చెప్పినట్టు మిరియాకు ఒక్క మనిషి రూపమే అయితే ఆ మాట కుదరదు. 'ద్విరూపులు' అనండి. రెండు రూపాలవాళ్లు. తిట్టు కాదు, అబద్ధమూ కాదు.

ఇది రాస్తుంటే నీలిరంగు నక్క కథ గుర్తొచ్చింది. రంగు తొట్టిలో పడి నీలంగా మారి అడవికి రాజైన ఆ జంబుకం ఎలా దొరికిపోయింది? ఎవరూ కడగలేదు. దూరంగా తన జాతి ఊళ వినిపిస్తే ఆనందం ఆపుకోలేక తానూ ఊళ పెట్టింది. మన కథలో నిజం బయటపెట్టింది కుక్క కాదు, స్కానర్ కాదు, తనవాళ్ల గొంతు. దీన్ని నియమం చేయండి. మనిషి రూపంలో ఉన్న ద్విరూపికి తన జాతి పిలుపు వినిపిస్తే మనోబలం పరీక్ష. ఓడితే ముఖం మారదు, గొంతు మారుతుంది. రేడియోలో వచ్చినా సరే.

పాచికలవాడు:
రేడియోలో వచ్చినా సరే అన్న చోట నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. కాకపోతే ఈ పరీక్ష కథ మొత్తంలో రెండు మూడుసార్లకు మించి రాకూడదు. ఎక్కువైతే శిక్షలా తయారవుతుంది.

తోకల సంగతి మరచిపోయాం. పాత్‌ఫైండర్ మొదటి ఎడిషన్‌లో ఒక్కో అదనపు తోకకు ఒక్కో ఫీట్ (పాత్ర లెవెల్, అంటే స్థాయి, పెరిగేకొద్దీ ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యం) ఖర్చు పెట్టాలి, తోకకో మంత్రశక్తి వస్తుంది. మొదటిది వేషం మార్చడం, చివరిది ఎదుటివాడి మనసునే లొంగదీసుకోవడం. తొమ్మిది తోకలకు ఎనిమిది ఫీట్లు. ఇరవై లెవెళ్ల మొత్తంలో మామూలుగా వచ్చేవి పది. ఒకటి, మూడు, అయిదు అంటూ బేసి లెవెళ్లకే వస్తాయి కాబట్టి ఎనిమిదోది చేతికొచ్చేసరికి 15వ లెవెల్. అంటే తొమ్మిది తోకలు కావాలనుకున్న ఆటగాడు అన్నాళ్లూ ఇంకేమీ నేర్చుకోడు. చూడటానికి గొప్పగా ఉంటుంది, ఆడటానికి ఎండిపోయి ఉంటుంది.

వెన్నెలమెట్లు:
తోకను కథతో ముడిపెట్టండి. మిరియా తన రెండు ముఖాల నిజాన్ని కొత్తగా ఒకరికి, తనంతట తాను, చెప్పిన ప్రతిసారీ ఒక తోక. బలవంతంగా బయటపడితే రాదు. స్కానర్ పట్టుకుంటే రాదు.

తోకచుక్క:
ఇది చదివి ఆమెకు ఫోను చేసి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, 'అయితే తొమ్మిది తోకలు ఉన్న ముసలివాళ్లను మా జాతిలో ఎంత గౌరవిస్తారో' అన్నారు. ఆ మాటతో జాతి మొత్తం నా కళ్లముందుకు వచ్చింది.

తోకచుక్క:
నాలుగు వారాల తర్వాత వస్తున్నాను. మొదటి ఆట నిన్న ముగిసింది.

ఒక్క ముఖం, సమాన బరువు, రక్తం దాగదు, ఇవన్నీ పెట్టుకున్నాం. రూపం మార్చడానికి ఒక చర్య. ఒంటి మీది బట్టలు మారవు, కాబట్టి తోక పట్టే చీలిక ఉన్న కోటు ఒకటి మిరియా కొనుక్కుంది. బొమ్మలపెట్టె గారి కోరిక ప్రకారం ఆమె మెకానిక్. నలుగురు ఆటగాళ్లకూ మొదటే చెప్పేశాం.

నౌక బయట మరమ్మతు చేస్తుండగా పాత రేడియో ఒకటి తనంతట తాను పలికింది. ఊళ. నేను పెద్దగా ఏమీ చేయలేదు, గొంతు తగ్గించి ఒక్కసారి అనుకరించాను. ఆమె ఇరవై ముఖాల పాచిక వేశారు. నాలుగు పడింది. ఆమె గొంతు వణికింది, మిగతా ముగ్గురి హెల్మెట్లలోనూ వినిపించింది. కసాథా ఆటగాడు నాలుగు చేతుల పనీ ఆపేసినట్టు తన రెండు చేతులూ బల్ల మీద పెట్టేశాడు.

వైద్యురాలి పాత్ర ఆడుతున్నామె అప్పుడు నా వైపు చూడలేదు, మిరియా ఆడుతున్నామె వైపు చూశారు. 'నీ రక్తం నివేదిక మూడు రోజులుగా నా దగ్గరే ఉంది. నేనెవరికీ చెప్పలేదు. నువ్వు చెప్తావని ఆగాను' అన్నారు.

రెండో తోక ఇంకా రాలేదు. వచ్చే వారం మళ్లీ కూర్చుంటున్నాం.

వెన్నెలమెట్లు:
ఆ వారం గడిచిన వెంటనే ఇక్కడ రాయండి. ఎదురుచూస్తాను.